లిల్లీకి రెక్కలు వద్దు

2022వ సంవత్సరం, వానలు అప్పుడప్పుడే మొదలైన రోజులు. కోలారు గోల్డ్ ఫీల్డ్స్‌లో, రాబర్ట్‌సన్‌పేట బజారులో నా ఫ్లెక్స్ అంగడి. అంగడి అనగానే అద్దాల తలుపులు ఊహించుకోకండి. మా నాన్న నడిపిన, ఊరంతా శెట్టి కొట్టు అనే బట్టల కొట్టుకు మధ్యలో ప్లైవుడ్ గోడ కొట్టించి రెండు చేశాం. ముందు సగంలో మా తమ్ముడు చీరలు, లుంగీలు అమ్ముతాడు. వెనక సగంలో నేను, ఒక కంప్యూటరు, మిగతా చోటంతా మింగేసిన ప్రింటింగ్ మిషను. నా దగ్గరికి రావాలంటే ఎవరైనా సరే మా తమ్ముడి చీరల మధ్య నుంచే రావాలి.

ఫ్లెక్స్ అంటే వీధి మలుపుల్లో కట్టే ప్లాస్టిక్ గుడ్డ బోర్డు. నాయకుల పుట్టినరోజులు, చెవులు కుట్టే వేడుకలు, గృహప్రవేశాలు, అన్నీ చేస్తాను. కానీ మాకు అన్నం పెట్టేవి చావులే. గనులు మూతపడ్డాక మా ఊరి పెళ్ళిళ్ళు బెంగుళూరు మండపాలకు వెళ్ళిపోయాయి. చావులు మాత్రం ఇక్కడే ఉండిపోయాయి. ఎవరైనా పోతే ఇంటి ముందు, వీధి చివర, వాళ్ళ ఫోటోతో ఒక బోర్డు కట్టాల్సిందే. అది లేని చావు మా దగ్గర చావు కిందే లెక్క కాదు.

చావు ఆర్డరు ఎలా సాగుతుందో చెప్తాను. ముందు కటింగ్. అంటే ఫోటోలో వెనకున్న గోడనీ పక్కనున్న మనుషులనీ తీసేసి, పోయిన మనిషిని ఒక్కరినే విడదీయడం. తర్వాత టచింగ్, ముఖం మీది మచ్చలూ ముడతలూ నునుపు చేయడం. ఆ పైన టెంప్లేటు, ముందే తయారుచేసి పెట్టుకున్న అచ్చు. అందులో మనిషిని దించి పేరు మారిస్తే చాలు. చివర్న అంచులకు ఐలెట్లు, తాడు దూర్చడానికి వేసే రింగులు. ఇదంతా శవం ఇల్లు కదిలే లోపల అయిపోవాలి.

హిందువుల టెంప్లేటులో దీపం, పూలదండ ఉంటాయి. క్రైస్తవులకు మేఘాలు, సిలువ, రెండు పావురాలు, పోయిన మనిషి భుజాల వెనక తెల్లటి రెక్కలు. రెక్కలు ఎందుకో నేనెప్పుడూ ఆలోచించలేదు. మొదట్లో ఎవరో అడిగారు, పెట్టాను. అది చూసినవాళ్ళు మాకూ కావాలన్నారు. తర్వాత అడగకపోయినా పెట్టేవాణ్ణి. నాకు తెలిసిన క్రైస్తవమంతా కంప్యూటర్లో ఒక ఫోల్డరులో పట్టేది.

వీటన్నిటికన్నా తలనొప్పి కింది వరుస. బోర్డు అడుగున గుండ్రాలు ఉంటాయి, వాటిలో దుఃఖంలో ఉన్నవాళ్ళ ఫోటోలు పెట్టాలి. భార్య, కొడుకులు, కోడళ్ళు, అల్లుళ్ళు. ఎవరు మొదట, ఎవరు చివర అన్న దగ్గర శవం పక్కనే పోట్లాటలు జరుగుతాయి. ఒకసారి ఒక బావమరిది తన ఫోటో మరీ చిన్నదైపోయిందని అంగడికే వచ్చి కేకలేశాడు. ఆయన ఏడుపు పోయిన బావ కోసమో ఫోటో కోసమో నాకిప్పటికీ అంతుపట్టలేదు.

ఇన్ని బోర్డులు చేశాను గానీ నేను ఒక్క చావుకూ వెళ్ళేవాణ్ణి కాదు. బోర్డు చుట్టి ఇస్తే వాళ్ళే కట్టుకునేవారు. మా ఇంట్లో చావింటి గడప తొక్కితే తలస్నానం చేయకుండా లోపలికి రానివ్వరు. రోజూ చావులతో బతికేవాడు ప్రతి గడపా తొక్కితే ఇంక రోజంతా నీళ్ళ కిందే ఉండాలి. అందుకని మా ఊరి మనుషులు సగం మంది నాకు పోయిన తర్వాతే, అదీ ఫోటోలోనే తెలుసు.

ఒక రోజు పొద్దున్నే తడిసిన గొడుగుతో ఒక ముసలామె మా తమ్ముడి చీరల మధ్య నుంచి వచ్చి నిలబడింది. డెబ్భై దాటి ఉంటుంది. సన్నటి మనిషి, గొంతు మాత్రం పెద్దది.

"ఏమప్పా, చావు బోర్డులు చేసేది ఈడేనా?"

"ఈడే అవ్వా. కూర్చో. ఎవరు పోయినారు?"

"లిల్లీ."

నాకు తెలిసిన మనిషి పేరు చెప్పినట్టే చెప్పింది. తన పేరు ఎస్తేరమ్మ అనీ, మారికుప్పం వైపు గని కూలీల లైన్లలో ఉంటాననీ తర్వాత చెప్పింది. లైన్లంటే ఒకదానికొకటి ఆనుకొని వరుసగా కట్టిన ఒంటి గది ఇళ్ళు. ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఎస్తేరమ్మ తాత ముత్తాతలు ఆంధ్ర పల్లెల నుంచి గని పనికి వచ్చినవాళ్ళు. లిల్లీ తమిళ మనిషి. ఒక గోడకు అటూ ఇటూ వాళ్ళిద్దరూ.

"దినామూ తెల్లారి లేస్తానే గరిటెతో గోడ కొడుతుందప్పా లిల్లీ. నేనూ కొడతాను. అప్పుడే ఇద్దరమూ పొయ్యి ముట్టించేది. నిన్న కొట్టలే. నేనే కొట్టినాను. మళ్ళా కొట్టినాను. ఇంగ లేచిపోయి చూస్తే..." ఆమె చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. వాన నీళ్ళు కూడా ఉన్నాయి కాబట్టి ఎంత తుడిచినా తడే. "మధ్యాన్నమే ఎత్తాలంట. సాయంత్రం అయ్యగారికి కామసముద్రంలో ప్రార్థన ఉండాది. దానికి ముందే అయిపోవాల."

అయ్యగారంటే వాళ్ళ చర్చి పాస్టరు. వాన పడుతోంది, శవాన్ని ఇంకా ఉంచే వీలు లేదు. అది తొందర ఆర్డరని నాకు అర్థమైంది.

ప్లాస్టిక్ కవరులోంచి ఫోటో తీసిచ్చింది. చర్చి ఆడవాళ్ళు వరుసగా నిలబడి తీయించుకున్న ఫోటో. చిట్టచివర లిల్లీ, అక్కడ నిలబడడానికి ఎవరినో అడిగి వచ్చినదానిలా కొద్దిగా పక్కకు ఒరిగి ఉంది. ఒక కన్ను రెండోదానికన్నా చిన్నది. గడ్డం మీద అరచేతి వెడల్పు కాలిన మచ్చ. నేను స్కాన్ చేసి, కటింగ్ చేసి, చెయ్యి తిరిగిన పనే కాబట్టి చకచకా మచ్చ చెరిపేసి, చిన్న కంటిని పెద్దది చేసి టెంప్లేటులోకి దించాను.

"కింద ఎవరెవరి ఫోటోలు పెట్టాల అవ్వా?"

"ఎవరుండారు? నేనే."

"కొడుకులు, కూతుర్లు?"

"పెండ్లే చేసుకోలే ఆయమ్మ. ఇస్కూల్లో ఆయా పని చేసింది. అన్న ఉండె, పోయినాడు. మా ఇంటాయనా పోయినాడు. నాకూ పిల్లోళ్ళు లేరు. లైన్లో ఇంగెవురూ లేరప్పా, అందరూ ఇండ్లు ఎత్తేసి బెంగుళూరు పోయినారు. మేమిద్దరమే."

టెంప్లేటులో ఎనిమిది గుండ్రాలు. ఒకటి ఎస్తేరమ్మకు, మిగతా ఏడూ ఖాళీ. పళ్ళు ఊడిన నోరులా ఉంది వరుస. ఖాళీలు తీసేసి ఒక్కటే ఉంచుదామంటే బోర్డు అడుగు మరీ బోసిపోయింది. నాకొక తెలివైన ఆలోచన వచ్చింది. ఫోల్డరులో దేవదూతల బొమ్మలున్నాయి, బుగ్గలు ఉబ్బి, చిన్న రెక్కలతో, పాల పిల్లల్లా. ఏడు ఖాళీల్లో ఏడుగురిని కూర్చోబెట్టి స్క్రీను ఆమె వైపు తిప్పాను.

"ఈ గుండు పిల్లోళ్ళు ఎవరప్పా? ఒంటి మీద గుడ్డ కూడా ల్యా."

"దేవదూతలు అవ్వా."

ఎస్తేరమ్మ నవ్వింది. చావు ఆర్డరు ఇవ్వడానికి వచ్చిన మనిషి అంత గట్టిగా నవ్వడం నా అంగట్లో అదే మొదటిసారి. ప్లైవుడ్ గోడ అవతల మా తమ్ముడు కొలకర్ర ఆపి తొంగి చూశాడు.

"లిల్లీ చూసింటే పొట్ట పట్టుకోని నవ్వుతా ఉండె. దూత ఇట్ల ఉంటే ఎవరైనా భయపడతారా? వాక్యంలో దూత యాడికి వచ్చినా మొదట చెప్పే మాట భయపడొద్దనే. మరియమ్మకీ అదే చెప్పినాడు, గొర్రెలు కాసేవాళ్ళకీ అదే. చూస్తానే కాళ్ళు వణకతాయి కాబట్టే గదా ఆ మాట చెప్పేది? ప్రభువు సమాధి రాయి దొర్లించిన దూతను చూసి కాపలా సిపాయిలు పీనుగుల్లా పడిపోయినారంట. ఈ పిల్లోళ్ళు రాయి దొర్లిస్తారా?"

"నాకేం తెలుసవ్వా? నెట్లో ఇట్లే ఉండారు."

"నాకూ చదువు రాదప్పా. దినామూ పొద్దుపోయే ముందర లిల్లీ బైబిలు చదివేది, అరవంలోనే. నేను వినేది. దూతలంటే పనోళ్ళంట. రాజు దగ్గర పనోళ్ళు ఉండరా, అట్ల. మాట మోసుకోని పోతారు, కాపలా కాస్తారు, సింహాసనం చుట్టూ పాడతారు. పుట్టేది లేదు, చచ్చేది లేదు, పెండ్లీ లేదు. దేవుడు చేసినాడు, అంతే. ఒక్కొక్కరి వెనక ఒక్కొక్క దూత కాపలా ఉంటాడని లిల్లీ చెప్పేది." తడి గొడుగును గోడకు ఆనించింది. "దాని మీద మాకు కొట్లాట. గనిలో బండ పేలిన దినం మా ఇంటాయన కడుపు నొప్పి అని షిఫ్టుకు పోలే. దూతే ఆపినాడని లిల్లీ అనింది. మరి ఆ దినం బండ కింద పోయినవాళ్ళ పెండ్లాలకు దూతలు లేరా అని నేనడిగినాను. పుస్తకం మూసేసి, అది నాకు తెలీదక్కా అనింది."

ఆ 'తెలీదు' నాకు నచ్చింది. అంగడికి వచ్చే వాళ్ళలో ఎవరూ నాతో తెలియదని అనరు. బావమరిదికి కూడా అన్నీ తెలుసు.

పిల్ల దూతలను తీసేశాను. ఇక పై భాగం చూపిద్దామని బోర్డు మొత్తం స్క్రీను మీదికి తెచ్చాను. మేఘాలు, సిలువ, పావురాలు, మధ్యలో లిల్లీ, నున్నటి గడ్డం, సమానమైన రెండు కళ్ళు, భుజాల వెనక పెద్ద తెల్ల రెక్కలు. నిజం చెప్పొద్దూ, బాగా కుదిరిందని నాలో నేను మురిసిపోయాను.

ఎస్తేరమ్మ నవ్వు ఆగిపోయింది. స్క్రీనుకు దగ్గరగా వచ్చి చూసింది. వెనక్కి జరిగి చూసింది.

"ఇది ఎవరు?"

"లిల్లీయే గదవ్వా."

"కాదు."

అంతవరకూ ధైర్యంగా మాట్లాడిన మనిషి చీర కొంగు నోట్లో కుక్కుకొని ఏడవసాగింది. ఏం తప్పు చేశానో తెలియక నీళ్ళ సీసా అందించాను. ఆమె తీసుకోలేదు.

"రెక్కలు తీసెయ్యప్పా. మనిషి చచ్చిపోతే దూత కాడు. దూతలు వేరే, మనుషులు వేరే."

"అందరూ పెట్టిస్తారు అవ్వా. మొన్న ఒకాయన పసిబిడ్డకు పెట్టించినాడు."

"ఆయప్పను నేనేమీ అననప్పా. బిడ్డను పోగొట్టుకున్నోడు, వానికి అట్ల కావల్ల, పెట్టించుకున్నాడు. నాకు వద్దు. లిల్లీ దూత అయిపోతే నేను పోయినాక యాడని ఎతికేది? ఆడ దూతలు లెక్క లేకుండా ఉంటారంట, అందరూ తెల్లగానే ఉంటారంట. ఏ దూతనని అడిగేది? దూతకు నేనెవరో తెలుసునా? నాతో గోడ పక్కన నలభై ఏండ్లు ఉండింది లిల్లీ. నాకు లిల్లీ కావల్ల. నాకు ఇంగెవురూ లేరు."

ఆ చివరి మాట ఆమె నాతో అనలేదు, స్క్రీనుతో అంది. నేను రెక్కలు తీసేశాను. భుజాలు ఖాళీ అయ్యాయి. రెక్కలుంటే కనపడలేదు గానీ, ఆ భుజాలు ఒకటి పైకీ ఒకటి కిందికీ ఉన్నాయి, బరువు మోసి మోసి వంగిన మనిషివి.

"ఆ మచ్చ యాడికి పోయింది?"

"తీసేసినాను. బాగుంటుందని."

"పెట్టు. గంజి మీద పడి కాలింది చిన్నప్పుడు. చచ్చి లేచినాక ప్రభువుకే చేతుల్లో మేకుల గుర్తులు ఉండినాయంట. వాటిని చూసే గదా శిష్యులు గుర్తుపట్టినారు? ఆయనే గుర్తులు ఉంచుకున్నప్పుడు లిల్లీకి మచ్చ ఉంటే ఏమి? కన్ను కూడా ముందు ఉన్నట్టే చెయ్యి."

చెరిపింది తిరిగి పెట్టడం నాకు కొత్త పని. ముందరి ఫోటో పక్కన పెట్టుకొని మచ్చ మచ్చగా, కన్ను కన్నుగా తెచ్చాను. పూర్తయ్యాక ఎస్తేరమ్మ తల ఊపింది. "ఇది లిల్లీ" అంది. ఆ మాటతో నాకు కలిగిన తృప్తి నా పనిలో అంతకు ముందెప్పుడూ కలగలేదు.

ఆమె ఫోటో ఏదీ లేదు కాబట్టి మా తమ్ముడి చీరల బీరువా ముందు నిలబెట్టి నా ఫోనుతోనే తీశాను. ఒక గుండ్రం ఉంచి మిగతావి తీసేశాను. గుండ్రం కింద వరస రాయాలి.

"ఆమెకు నువ్వు ఏమవుతావు అవ్వా? ఏమని రాసేది?"

ఆలోచించింది. అక్క అని చెప్తుందనుకున్నాను.

"పక్కింటిదాన్ని. అదే రాయి."

లిల్లీ పేరు తమిళంలో, అడుగున 'పక్కింటి ఎస్తేరమ్మ' అని తెలుగులో వేసి ప్రింటుకు ఇచ్చాను.

"ఎవురు కడతారవ్వా బోర్డు?" అని అడిగితే ఆమె బయటికి, బజారు వైపు చూసింది. ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. ఒంట్లో ఓపికున్న వాళ్ళంతా తెల్లవారుతూనే రైలెక్కి బెంగుళూరుకు పనికి పోతారు, దీపాలు పెట్టాక తిరిగొస్తారు. పగటి పూట ఊళ్ళో ముసలివాళ్ళు, బడి పిల్లలు, నాలాంటి అంగడివాళ్ళు తప్ప ఎవరూ ఉండరు. అందుకే మా దగ్గర చాలా శవాలు సాయంత్రం రైలు కోసమో, ఆదివారం కోసమో కాచుకొని ఉంటాయి. పనిరోజున మధ్యాహ్నం ఎత్తాలంటే మోసేవాళ్ళు దొరకరు.

"పెట్టె మోసేదానికి మనుషులు ఉండారా?"

"అదే ఆలోచన చేస్తా ఉండానప్పా. ఆత్మను దూతలు మోసుకుపోయింటారు, దానికి బేజారు లేదు. వాక్యంలో షావుకారు గేటు కాడ పడి ఉండిన బిచ్చగాడు చచ్చిపోతే దూతలే గదా మోసుకుపోయింది. వానికీ ఎవరూ లేరు. అయితే పెట్టెను దూతలు మోయరు. దాన్ని మనుషులే మోయాల."

బోర్డు చుట్టి, స్కూటరు మీద ఆమెను వెనక కూర్చోబెట్టుకొని బయలుదేరాను. కట్టేసి వచ్చేద్దాం అనుకున్నాను, అంతే. వాన కాస్త తెరిపిచ్చింది. బంగారం తీశాక మిగిలిన మట్టి పోసిన సైనైడ్ దిబ్బ పక్క నుంచి తిరిగి లైన్లలోకి పోయాక స్కూటరు నెమ్మది చేశాను. వరుసకు వరుస ఇళ్ళు కప్పుల్లేకుండా నిలబడి ఉన్నాయి. గదుల్లో కంప చెట్లు మొలిచాయి. తలుపు చట్రాలు కూడా ఎవరో పీక్కుపోయారు. ఆ మొత్తం వరుసలో రెండు తలుపులు మాత్రమే ఉన్నాయి, పక్కపక్కన. ఇక్కడ బోర్డు కడితే చూసేదెవరు అనుకుంటూనే తాడు విప్పాను.

దీపం స్తంభానికీ లిల్లీ కిటికీ కమ్మీకీ బోర్డు కట్టాను. పాస్టరు ఆటోలో వచ్చాడు, బక్కపలచటి మనిషి. ఆయన వెంట చర్చి పెద్దమనిషి ఒకాయన, మోకాళ్ళ నొప్పితో కుంటుతూ. అంతే. పాస్టరు లోపల చిన్న ప్రార్థన చేశాడు. దేవదూతలు సేవ చేసే ఆత్మలనీ, దేవుని బిడ్డలకు తోడుగా పంపబడినవాళ్ళనీ, ఒకసారి ఒక భక్తుడు దూత కాళ్ళ మీద పడబోతే, లే, నేనూ నీలాగా పనివాణ్ణే అని ఆ దూత వారించాడనీ చెప్పాడు. గడప బయట నిలబడి విన్నాను. ఆమెన్ అన్నాక అందరూ పెట్టె వైపు చూశారు, తర్వాత ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

నలుగురు కావాలి. పాస్టరు పుస్తకం సంచిలో పెట్టుకొని ఒక మూల పట్టాడు. ఆటో నడిపే ఆయన ఒక మూల. కుంటుతున్న పెద్దమనిషి నేను మోస్తానని మొండికేసి ఒక మూల. నాలుగో మూల ఖాళీగా ఉంది. ఎస్తేరమ్మ నన్ను అడగలేదు. తానే కొంగు నడుముకు చుట్టి వంగింది.

నేను గడప దాటి లోపలికి వెళ్ళాను. "జరుగవ్వా" అన్నాను. ఇంట్లో చేయాల్సిన తలస్నానం సంగతి అప్పుడు గుర్తుకు రాలేదని చెప్పను. గుర్తుకొచ్చింది. అయినా పట్టుకున్నాను. పెట్టె నా భుజాన్ని ఒరుసుకుంది. లోపల ఉన్న మనిషి ముఖంలో ప్రతి గీతా పొద్దున్నుంచీ నా చేతుల మీదుగా వెళ్ళింది కదా, నాకు పరాయి మనిషిని మోస్తున్నట్టు అనిపించలేదు.

శ్మశానంలో మట్టి వేశాక పాస్టరు నా చెయ్యి పట్టుకున్నాడు.

"దేవుడు ఈ దినం మిమ్మల్ని దూతలాగా పంపినాడు శెట్టిగారూ."

నేను సిగ్గుపడేలోగా ఎస్తేరమ్మ అందుకుంది. "అట్ల అనొద్దయ్యగారూ. దూత వస్తాడు, చెప్పవలసిన మాట చెప్తాడు, పోతాడు. వాని పని అంతే, తప్పు లేదు. ఈయప్ప మనిషి. మనిషి అయితే మళ్ళా ఎప్పుడన్నా వస్తాడు."

పాస్టరు కామసముద్రం వెళ్ళాలి, వెళ్ళిపోయాడు. ఎస్తేరమ్మను లైన్ల దగ్గర దించాను. ఆమె తన తలుపు తెరవలేదు. లిల్లీ తలుపు ముందు తాళం పట్టుకొని నిలబడింది. వేస్తే లోపల ఎవరూ లేరని ఒప్పుకున్నట్టు, వేయకపోతే ఇల్లు కుక్కల పాలు. "వేసేదా అప్పా?" అని అడిగింది. నేను వేసి తాళంచెవి చేతికిచ్చాను. స్కూటరు తిప్పుకొని వస్తుంటే ఆ పొడవాటి వరుసలో ఆమె ఒక్కతే కనిపించింది. నేను చూసినంతలో అంత ఒంటరి మనిషి ఇంకొకరు లేరు. ఇంటికి వెళ్ళి తలకు పోసుకున్నా ఆ దృశ్యం వదల్లేదు.

తర్వాత రెండు మూడు ఆదివారాలు వెళ్ళి పలకరించి వచ్చాను. ఆ వానాకాలం నడిమధ్యలో ఒక రోజు ఎస్తేరమ్మ మళ్ళీ అంగడికి వచ్చింది. గాలికి ఇంటి కప్పు రేకు ఒకటి ఎగిరిపోయింది, సరిగ్గా మంచం పైన. మా ఊళ్ళో ఫ్లెక్సులు చివరికి చేరేది కప్పుల మీదికే. ఎన్నికల్లో నవ్విన నాయకులు కోళ్ళ గూళ్ళ మీద వానకు తడుస్తుంటారు. తప్పు ప్రింటయిన కొత్త ఫ్లెక్స్ ఒకటి ఇస్తానన్నాను.

"వద్దు. లిల్లీది విప్పి కట్టు."

నిచ్చెన వేసుకొని కప్పెక్కాను. బొమ్మ పైకి వచ్చేలా పరుస్తుంటే కింద నుంచి కేకేసింది. "బొమ్మ లోపలికి పెట్టప్పా!" తిప్పి, ఐలెట్లలో తాడు దూర్చి, దూలాలకు బిగించి కట్టాను. దిగి గదిలోకి వెళ్ళాను. బయటి వెలుగు ఫ్లెక్సు గుండా దిగుతోంది. మంచం మీద పడుకుంటే ఎదురుగా లిల్లీ ముఖం, చిన్న కన్ను, గడ్డం మీద మచ్చ, వంగిన భుజాలు. మూలన గుండ్రంలో పక్కింటి ఎస్తేరమ్మ. పైన చినుకులు టపటపమంటున్నాయి. ఒక్క చుక్క కూడా లోపలికి రాలేదు.

ఎస్తేరమ్మ మంచం మీద వెల్లకిలా పడుకొని చూసుకుంది.

"రెక్కలు లేవు గదా," అంది. "ఇంగ యాడికీ పోదు."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కప్పు సరిగ్గా బిగిసిందో లేదో చూసే నెపంతో బయటికి వచ్చి వానలో నిలబడ్డాను.

ఇప్పటికీ రెక్కలు కావాలన్నవాళ్ళకు పెడతాను, ఎందుకని అడగను. అడగనివాళ్ళకు పెట్టను. మచ్చలు, ముడతలు, ఎగుడుదిగుడు కళ్ళు మాత్రం ఇంట్లోవాళ్ళు నోరు తెరిచి చెప్పేదాకా చెరపను. పోయిన మనిషిని మళ్ళీ చూస్తానన్న ఆశతో ఎక్కడో ఎవరో ఒకరు మిగిలి ఉంటారు. ఆ రోజు వాళ్ళు గుర్తుపట్టాలి. నా పని అంతే.